165 తలుపుల మేడ ఘన చరిత్ర

అమెరికాలో లూయిసియానా రాష్ట్రంలో మిసిసిపీ నది పక్కన, వైట్ క్యాజిల్ అనే ఊరి దగ్గర నాటోవే అని ఓ పెద్ద మేడ ఉండేది, 2025 మే 15న కాలిపోయింది. పోయినోళ్ల గురించి మంచే చెప్పాలంటారు కాబట్టి నేను కూడా టూర్ గైడ్ పద్ధతిలోనే చెప్తా, అంటే గదులు లెక్కపెడుతూ.

64 గదులు, 200 కిటికీలు, 165 తలుపులు. కిటికీలూ తలుపులూ కలిపితే 365, ఏడాదిలో రోజుకొకటి, చూశారా దొరగారి ప్లానింగు! దొర పేరు జాన్ హాంప్‌డెన్ రాండాల్ఫ్, చెరకు వేసి పంచదార అమ్మి బాగా వెనకేసి 1859కల్లా ఇల్లు పూర్తి చేశాడు, 11 మంది పిల్లలు మరి, ఇరుకు కదా. బాల్‌రూమ్‌లో అయితే గోడలు, స్తంభాలు, ఆఖరికి నేల కూడా తెలుపే. ఆ రంగంటే ఎందుకంత ఇష్టమో మనకెందుకు.

చెరకు ఎవరు నరికారంటారా? మీలాంటోళ్ల వల్లే టూర్లు లేటవుతాయి. 1860 నాటికి అక్కడ 155 మంది బానిసలు. తలుపుల కంటే పది తక్కువ, అందుకే మర్యాద కూడా ఆ లెక్కలోనే దక్కింది, కోతల సీజన్లో పొయ్యిలు ఆరకుండా రాత్రింబవళ్లు చెరకు రసం కాచిన ఈ మనుషుల గురించి, 2025లో కాలిపోయేనాటికి ఆ మేడలో నడిచిన రిసార్టు వెబ్‌సైట్లో ఒక్క ముక్క లేదు.

అంతర్యుద్ధం వచ్చినప్పుడు దొరగారి త్యాగం చూడండి, ఇంటిని భార్య ఎమిలీకి అప్పజెప్పి టెక్సాస్ పోయి పత్తి పండించాడు. సొంత చేతుల్తో కాదులెండి, బానిసల్ని కూడా తోలుకుపోయాడు. తర్వాత బానిసత్వం రద్దయింది, పనిచేసినోళ్లకి కూలివ్వాల్సిన ఘోరమైన రోజులొచ్చాయి, సంపద కరిగింది. ఆయన చనిపోయాక 1889లో ఎమిలీ 50 వేల డాలర్లకి అమ్మేసింది. 1985లో ఆస్ట్రేలియా హాస్పిటళ్ల కోటీశ్వరుడు పాల్ రామ్సే 45 లక్షల డాలర్లు పెట్టి కొన్నాడు. అలా అలా రిసార్టు, పెళ్లిళ్లు, ఫోటోషూట్లు.

కాలిన రోజు ఆన్‌లైన్లో కొందరు ఏడ్చారు, కొందరు పండగ చేసుకున్నారు. నా బాధల్లా అక్కడ పెళ్లి చేసుకుందామనుకున్నోళ్ల గురించే, అంత తెల్ల హాలు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? నది వెంబడి పోతే ఇలాంటి మేడలు ఇంకా ఉన్నాయి గానీ, విట్నీ అనే మేడ జోలికి మాత్రం పోకండి, 2014లో దాన్ని మ్యూజియం చేసి బానిసల కథే చెప్తున్నారు, వాళ్ల పేర్లు కూడా గోడల మీద చెక్కించారు, పెళ్లి ఫోటోలకి బ్యాక్‌గ్రౌండ్ అస్సలు సెట్టవ్వదు.