మడమ స్కానింగ్‌కి వెన్నుపూస కనపడదు
దీర్ఘకాలిక జబ్బులున్న పిల్లలకు మడమ దగ్గర అల్ట్రాసౌండ్ చేస్తే చాలు, ఎముకల సంగతి తెలిసిపోతుంది, డెక్సా స్కాన్ (తక్కువ మోతాదు ఎక్స్‌రేతో ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) అక్కర్లేదు అని మీ వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. రేడియేషన్ ఉండదు, మిషన్ చిన్నది, పల్లెలకూ తీసుకెళ్లొచ్చు. ఎముకలో ధ్వని ఎంత వేగంగా పోతోంది, ఎంత తగ్గిపోతోంది అన్నది కొలుస్తుంది. కానీ మడమ దగ్గర పెట్టిన మిషన్‌కి వెన్నెముక ఎలా తెలుస్తుంది? మా అక్క కొడుకు నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు) ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడు. నడుము నొప్పి అంటే డాక్టరుగారు పక్క నుంచి వెన్నెముక ఎక్స్‌రే తీయించారు. ఒక పూస అణిగిపోయిందని అందులోనే తేలింది. పెద్ద దెబ్బేమీ తగలకుండా, అక్కడ వేరే జబ్బూ లేకుండా పిల్లల్లో వెన్నుపూస అలా నలిగితే, సాంద్రత అంకె ఎంతున్నా అది ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) కిందే లెక్క. పైగా స్టెరాయిడ్లు వాడే పిల్లల్లో నొప్పి లేకుండా కూడా పూసలు నలగొచ్చు. అదే నాకు ఎక్కువ టెన్షన్. డెక్సాకీ లోపాలున్నాయి, ఎదుగుదల తగ్గిన పొట్టి పిల్లలకు సాంద్రతను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఇక మా అనంతపురం జిల్లాలో ఇంకో చిక్కుంది, ఫ్లోరైడ్. బోరు నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్లున్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువై ఫ్లోరోసిస్ వచ్చిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. అందుకే మా వైపు పిల్లలకు ఏ స్కాన్ చేసినా, ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో ముందు అడగాలి. మీ వ్యాసంలో ఆ మాట రాయలేదు.