ఉభయకుశలోపరి గారికి బహిరంగ లేఖ

విజయనగరం.

మహారాజశ్రీ ఉభయకుశలోపరి గారి సముఖమునకు,

మొన్న అటక మీది రేకుపెట్టె దించి, మా అమ్మానాన్నలకు పెళ్ళి కుదిరాక ముహూర్తం వచ్చేదాకా వాళ్ళ మధ్య నడిచిన ఉత్తరాలు చదివాను. ప్రేమలేఖలు కాబోలనుకుని గడియ పెట్టుకుని మరీ కూర్చున్న నాకు, ప్రతి ఇన్‌లాండు కవరులోనూ మొదటి పంక్తిలో, ఇక్కడా అక్కడా అందరూ క్షేమమేనని చెప్పే పాతకాలపు మర్యాద మాటగా, మీరే ఎదురయ్యారు. ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసే మా నాన్నగారు మీకు దండం పెట్టి అక్కడి వానల సంగతి రాస్తే, మా అమ్మ కూడా మీకు దండం పెట్టి ఇక్కడి మామిడికాయల ధర రాసింది. పెళ్ళి కుదిరిన ఇద్దరి ఉత్తరాల్లా లేవవి, మార్కెట్ యార్డు కాగితాల్లా ఉన్నాయి.

తప్పు పూర్తిగా మీది కాదు లెండి. అమ్మ రాసిన ప్రతి ఉత్తరాన్నీ అంటించే ముందు తాతగారు చదివేవారు. ఆయన చదివి ఇచ్చేశాక, మడిచి అంటించే అంచు మీద ఆమె ఇరికించిన వాక్యం ఒకటి మైదా జిగురు కింద సగం చెరిగి కనిపించింది: "సిరిమానోత్సవానికి మిమ్మల్ని రమ్మని నాన్నగారు అంటున్నారు." ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదని అమ్మ ఇప్పుడు, నలభై ఏళ్ళ తరువాత ఒప్పుకుంది. ఇంత నేర్పు ఉన్న మనిషిని ఏ దేశానికో రాయబారిగా పంపకుండా మా ఇంట్లో ఆవకాయ పెట్టించారు.

మీ చుట్టాలు పరదేశాల్లోనూ ఉన్నారు. 1941 డిసెంబరు 8న చర్చిల్ జపాను మీద యుద్ధం ప్రకటిస్తూ రాసిన లేఖ చివర "మీ విధేయ సేవకుడు" అని సంతకం పెట్టాడు. అదేమిటని అడిగినవారితో, మనిషిని చంపవలసి వచ్చినప్పుడు మర్యాదకు ఖర్చేమీ కాదన్నాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ, తరువాత తన రాణి అయిన ఆన్ బొలీన్‌కు రాసిన ప్రేమలేఖలు 17 ఇప్పటికీ వాటికన్ గ్రంథాలయంలో ఉన్నాయి. వాటిలోనూ ఆ రాజు తనను ఆమె సేవకుడిగానే చెప్పుకున్నాడు. 1536 మే 19న ఆ సేవకుడే ఆమె తల నరికించాడు.

అంత దూరం ఎందుకు, మన ఊరి సంగతే చూడండి. బొబ్బిలి యుద్ధం జరిగిన మరుసటి ఏడు, 1758లో, ఫ్రెంచివారి మీద అలిగిన మన ఆనంద గజపతిరాజు సాయం కోరుతూ కలకత్తాలోని ఈస్టిండియా కంపెనీ అధికారి క్లైవుకు రాశాడు. క్లైవు కల్నల్ ఫోర్డును సేనతో పంపగా, డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివారు ఓడిపోయారు. రాజూ కంపెనీ, ఇరుపక్షాలూ కుశలమే. అయితే మీ వెనక ఎప్పుడూ "తరువాత వ్రాయునది ఏమనగా" అని ఒకటి నడుస్తుంది కదా, అది విజయనగరం చేరడానికి మాత్రం 36 ఏళ్ళు పట్టింది. 1794 జూలై 10న పద్మనాభంలో అదే కంపెనీ సేన చేతిలో మన రాజు చిన విజయరామరాజు నేలకొరిగాడు.

ఈ ఉత్తరం మొదట్లో మిమ్మల్ని రాయలేదని గమనించే ఉంటారు. ఇక్కడ కుశలం అంతంతమాత్రమే: అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు, పెద్దచెరువు మీదుగా వచ్చే గాలికి కూడా ఉక్క పోవడం లేదు, నాన్నగారు నిన్నటినుంచి ఆ రేకుపెట్టె తాళంచెవి నన్ను అడుగుతున్నారు, నేను ఇవ్వడం లేదు.