స్లాబు పడితేనే ఇల్లా?

హైదరాబాద్ పక్కన సర్కారు కడతానంటున్న ఫ్యూచర్ సిటీ గురించి రోజూ చదువుతూనే ఉన్నాం. రంగారెడ్డి జిల్లాలో 7 మండలాలు, 56 గ్రామాలు. కట్టనివ్వండి. నా దిగులంతా దానికి అటూ ఇటూ ఉన్న పట్టణాల మీద. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది, నల్లగొండ నాలుగు దిక్కులా పెరుగుతోంది. పల్లె విడిచిన మనిషి ముందు దిగేది ఇక్కడే.

నల్లగొండలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు, రాత్రి పదింటికి ఇంటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా తాగిన ఎండను సరిగ్గా మనం పడుకునే వేళకు కక్కుతుంది. ఏసీ పెడితే ఆ వేడి పక్కింటి కిటికీలోకి పోతుంది. పాలమూరు మట్టి మిద్దె ఈ చిక్కును ఎప్పుడో విప్పింది. దూలాలు, వాటి మీద దంతెలు, ఆపైన కట్టెలు పరిచి జానెడు మందాన మట్టి, నీళ్లు దిగకుండా పైన చౌడు మన్ను. గోడలు రెండడుగుల మందం. ఎండ అంత మందం దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకేది. మా అమ్మమ్మ వాళ్ల మిద్దెలో నడి ఎండాకాలం మధ్యాహ్నం కూడా హాయిగా కునుకు పట్టేది.

చౌడు మాటిమాటికీ పొయ్యాలి, ముసురు పడితే కారుతుంది, తేళ్లు దూరతాయి అంటారు. నిజమే. ఆ మిద్దెనే మళ్లీ కట్టమనను. కాల్చకుండా, కాస్త సిమెంటు కలిపి ప్రెస్సులో ఒత్తిన మట్టి ఇటుకలున్నాయి. గానుగలో నూరిన డంగు సున్నం ఉంది. వీటితో రెండంతస్తులు నిక్షేపంగా లేస్తాయి.

అడ్డమంతా కాగితంలో ఉంది. ఇందిరమ్మ ఇంటికిచ్చే 5 లక్షలు బేస్‌మెంట్, గోడలు, స్లాబు, పూర్తి అంటూ దశలవారీగా వస్తాయి. స్లాబు పడకపోతే ఆ బిల్లు రాదు. పేదవాడి ఇల్లు ఎలా ఉండాలో ఆ ఒక్క మాటే తేల్చేస్తోంది.

ఇంకో మాట చెప్పక తప్పదు. 1955లో పునాది పడ్డ నాగార్జునసాగర్ రాతికట్టు డ్యాం. అంత పని చేతులతో చేసిన నేల మనది. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు కూలీ కనిపించేవాడు. ఇప్పటికీ ముంబై, పుణె బస్సులెక్కుతూనే ఉన్నాడు. స్లాబు ఇంటి ఖర్చులో పెద్ద వాటా సిమెంటుకు, ఇనుముకు పోతుంది. మట్టి, రాయి, సున్నం పనిలో అది మేస్త్రీకి, కూలీకి ముడుతుంది. వలస ఆపాలంటే ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించడం లేదు.

నియోజకవర్గానికి 3,500 ఇళ్లు ఇస్తామన్నారు. అందులో వంద ఇలా కట్టనివ్వండి. బిల్లులో 'స్లాబు' అన్న చోట 'పైకప్పు' అని రాయండి. డంగు పని తెలిసిన ముసలి మేస్త్రీలను వెతికి పిలవండి, వాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే పిల్లలకు రోజు కూలి కట్టివ్వండి.