పదిహేడేళ్లు ఆగిన పాట

స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు కాటలాన్ భాషలో, ఏసు పుట్టుక గురించిన ఒరటోరియో (గాయకులు, కోరస్, వాద్యబృందం కలిసి కథ చెప్పే సంగీత రచన) ‘ఎల్ పెసెబ్రే’ గురించి మంచి వ్యాసం ఇచ్చారు, ధన్యవాదాలు. కానీ దాన్ని ‘క్రిస్మస్ పాటల కూర్పు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు, అదే నాకు బాధనిపించింది.

దానికి సంగీతం కూర్చిన కాటలాన్ చెల్లో వాద్యకారుడు పావ్ కజాల్స్ ఆ పని మొదలుపెట్టింది 1943లో, ఫ్రాన్స్‌లోని ప్రాద్ ఊళ్లో, ప్రవాసంలో. నియంత ఫ్రాంకో ఏలుబడిలో ఉన్నంతకాలం స్పెయిన్ గడప తొక్కనని పట్టుబట్టిన మనిషి. దానికి ఆధారమైన కవిత రాసిన జోన్ అలవెద్రా కూడా ఆయనలాగే ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాడే. చివరికి తొలి ప్రదర్శన 1960 డిసెంబరులో జరిగింది. ఎక్కడ? బార్సిలోనాలో కాదు, సముద్రం అవతల మెక్సికోలోని అకపుల్కోలో! అప్పటికి కజాల్స్‌కి ఎనభై నాలుగు నిండబోతున్నాయి.

నేను చర్చి కోయిర్‌లో టెనార్ (మగవాళ్ల హెచ్చు గొంతు) పాడతాను. అందుకే నన్ను పట్టేసింది అందులోని మనుషులు. బావి దగ్గర నిలబడ్డవాడు, జాలరి, అరక దున్నే రైతు, నూలు వడికే ముసలమ్మ, అందరికీ తలా ఒక పాట. పశువుల పాకలోని ఎద్దుకీ కంచరగాడిదకీ కూడా గొంతు ఉంది. బాల ఏసును చూడవచ్చిన రాజులకంటే ముందు వీళ్లే గుర్తుండిపోతారు.

ఇంకొక మాట. కాటలాన్‌లో ‘పావ్’ అంటే శాంతి కూడా. ఆఖర్న కోరస్ అంతా కలిసి ఆ మాటే పాడుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. కజాల్స్ 1973లో ప్యూర్టోరికోలో కన్నుమూశారు, ఫ్రాంకో ఇంకా గద్దె మీదే ఉన్నాడు. ఈ సంగతి కూడా వ్యాసంలో చేర్చండి సార్.