దశమగ్రహం టర్బో అల్లుడుగారికి

మహారాజశ్రీ టర్బో అల్లుడుగారి సముఖానికి, తిరుపతి నుంచి మీ మామ రాయునది.

ఇక్కడ నేను క్షేమం. క్లచ్ క్షేమం కాదు. రేడియేటర్‌కి జ్వరం తగ్గడం లేదు.

తుక్కు కొట్లో దుమ్ము పట్టి పడి ఉన్న మిమ్మల్ని తెచ్చి, మా పాత మారుతి జెన్ కారుకిచ్చి పెళ్ళి చేసింది నేనే, ఎవర్నీ అనను. 993 సిసి పిల్ల, అల్యూమినియం ఇంజను, అయిదు గేర్లు, ఎదురు మాట్లాడి ఎరగదు. మీరేమో కట్నం వద్దన్నారు. సైలెన్సర్లోంచి ఊరికే పోయే పొగతో ఒక చక్రం తిప్పుకుని, అదే ఇరుసు మీది రెండో చక్రంతో ఇంజన్లోకి గాలి కుక్కుతానన్నారు. పారేసే పొగ తిని బతికే అల్లుడు ఎవరికి దొరుకుతాడు! మురిసిపోయాను.

మీరు కుక్కే గాలి ఒత్తిడి, అదే బూస్టు, 6 పిఎస్‌ఐ అంటే మామూలు కంటే దాదాపు 40 శాతం ఎక్కువ గాలి. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకపోతే పిస్టన్లు కరిగిపోతాయన్నారు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి కొన్నాను. వాటికి తగ్గ పంపు. ఇద్దరికీ లెక్క చెప్పడానికి ఇంకో కంప్యూటరు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలరు. అది పోయి రేడియేటర్ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుంటే, వెనక దానికి ఊపిరాడక కొత్త ఫ్యాను. ఇంతా చేశాక మే నెల ఎండలో ఇంజన్ టకటకా కొట్టుకుంటే, నిప్పురవ్వ పడే టైమింగ్ వెనక్కి జరిపి బూస్టు 4కి దించాం. మర్యాదలన్నీ 6కి, వడ్డన 4కి.

క్లచ్ సంగతి చెప్పుకుంటే కన్నీళ్ళొస్తాయి. మూడో గేర్లో కాలు నొక్కితే క్లచ్ జారిపోయి ఇంజను గొంతు చించుకుంటుంది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం కదలదు. ఎన్నికల మీటింగ్‌కి వెళ్ళొచ్చినట్టుంటుంది.

మీ అలక మరో ఎత్తు. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు దాటితే గానీ పాన్పు దిగరు. రేణిగుంట రోడ్డులో లారీని దాటుదామని నాలుగో గేర్లో నొక్కితే పలకరు. మూడుకి దించి బతిమాలితే కాసేపు ఆలోచిస్తారు. తీరా మీకు ఊపొచ్చేసరికి ఎదురుగా బస్సొస్తుంది. బ్రేకు. మళ్ళీ అలక మొదలు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి మీ మీద పేటెంటు తీసుకున్నది 1905లో. అప్పట్నుంచీ పిలిచిన వెంటనే రావడం నేర్చుకోలేదా స్వామీ?

సరే, కొండెక్కడానికైనా పనికొస్తారనుకున్నాను. అలిపిరిలో బయల్దేరిన టైము వేస్తారు, పైన చూస్తారు, ముందొస్తే జరిమానా. త్వరగా వచ్చినందుకు డబ్బు కట్టించుకునే రోడ్డు మీద నేను టర్బో బిగించిన కారుతో, ఒక చిల్లులు పడ్డ జీపు వెనకాల, రెండో గేర్లో పాకుతూ వెళ్ళాను. ఇద్దరం ఒకేసారి చేరాం. జీపాయన హాయిగా నిద్రలేచినట్టున్నాడు.

దిగొచ్చాక ఇంటి దగ్గర ఇంకో తంతు. నిమిషానికి లక్ష పైచిలుకు చుట్లు తిరిగే ఇరుసుని మోసేది పల్చటి ఆయిల్ పొరే. బండిని బాగా తోలి వెంటనే కీ తిప్పేస్తే ఆ ఆయిలు లోపలే మాడి బొగ్గవుతుంది. అందుకని గేటు ముందు రెండు నిమిషాలు ఇంజన్ ఆపకుండా కూర్చుంటాను. పక్కింటాయన రోజూ అడుగుతాడు: "ఏంనా, మళ్ళా ఎక్కడికో బయల్దేరినట్టుండావే?" మా అమ్మకి నా సంసారం మీదే అనుమానం వచ్చింది. "ఇంట్లోకి రాడానికి భయమారా నాయినా?"

ఇంతమందికి తెలిసిన మీ పేరు ఆర్‌సీలో మాత్రం లేదు. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. రేషన్ కార్డులో పేరెక్కని ఇల్లరికపుటల్లుడు మీరు. చెక్‌పోస్టులో ఎవరైనా బానెట్ వైపు చూస్తే చెమట పట్టేది నాకు.

భాకరాపేట ఘాట్‌లో మీ గాలి పైపు ఢామ్మని ఊడిపోయింది గుర్తుందా? బోరు మోటారుకి వేసే క్లిప్పు బిగించి ఇల్లు చేరాం. ఆ రాత్రే మిమ్మల్ని పీకేద్దామని స్పానర్ తీశాను. తెల్లారి చివరిసారి అనుకుని పూతలపట్టు రోడ్డెక్కాను. చల్లటి గాలి, ఖాళీ రోడ్డు. మూడో గేర్లో మీరు ఈల వేశారు. ముసలి జెన్ ఇరవయ్యేళ్ళ పిల్లలా లేచింది. దిక్కుమాలిన ఈల. స్పానర్ మళ్ళీ డబ్బాలోకి పోయింది.

ఇక మీ మీద రూపాయి పెట్టనని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయమంటోంది మా ఆవిడ. ఆదివారం వెళ్తున్నాం. అక్కడ అబద్ధపు ప్రమాణం చెల్లదని మీకూ తెలుసు. అందుకని ముందు కాణిపాకం దాటి చిత్తూరు వెళ్దాం. అక్కడెవరి దగ్గరో, కాలు తీసినప్పుడు మిగిలిన గాలిని బయటికి ఊదేసే బ్లో ఆఫ్ వాల్వ్ ఒకటి చవగ్గా ఉందట. ప్రమాణానికి ముందు కొన్నది లెక్కలోకి రాదు. ఆవిడతో మాత్రం అనకండి.

ఇట్లు,
మీ మామ