సాగనంపే కార్ల కోసం పార్కులు వదులుకోవాలా?

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు వారికి విదేశీ ప్రయాణమంటే చాలావరకు చెన్నై నుంచే. అమ్మాయి అమెరికా బయలుదేరితే అమ్మానాన్నలు, తాతయ్య, మేనమామ, చివరి నిమిషంలో ఎక్కిన పక్కింటి కుర్రాడు అందరూ కలిసి రెండు కార్లలో మీనంబాక్కంలోని చెన్నై విమానాశ్రయానికి చేరతారు. అర్ధరాత్రి దాటాక ఎగిరే విమానానికి సాయంత్రమే వచ్చేస్తారు. ‘విమానం ఎక్కేశాను’ అన్న ఫోను వచ్చేదాకా కార్లు కదలవు. కాబట్టి చెన్నై విమానాశ్రయం చుట్టూ పార్కింగ్ ఒత్తిడిని తమిళనాడు గొడవగా వదిలేయడం మనకు కుదరదు. ఆ కార్లలో కొన్ని మనవే.

విమానాశ్రయం పెరిగేకొద్దీ ఆగే కార్లూ పెరుగుతాయి. లోపల చోటు చాలనప్పుడు, లేదా లోపలి రుసుము ఎక్కువనిపించినప్పుడు, అవి ప్రహరీ దాటి పక్క కాలనీల్లోకి వస్తాయి. ఇలాంటి చోట్ల స్థలం వెతికేవారి చూపు మొదట పార్కుల మీదా ఆటస్థలాల మీదా పడుతుంది. అక్కడ కూల్చవలసిన ఇల్లు ఉండదు, పరిహారం అడిగే యజమాని ఉండడు. చెట్లకు ఓటు ఎలాగూ లేదు.

లెక్క చూద్దాం. దారితో కలిపి ఒక కారు నిలపడానికి పాతిక నుంచి ముప్పై చదరపు మీటర్లు కావాలి. అంటే ఎకరం పార్కును మొత్తం చదును చేసి తారు పోసినా నిలిచేవి నూట యాభై కార్లు. 2022లో విమానాశ్రయం ఆవరణలోనే తెరిచిన బహుళ అంతస్తుల పార్కింగ్‌లో రెండు వేలకు పైగా కార్లు పడతాయి. దాని ముందు ఈ నూట యాభై ఏ మూలకు? 2016లోనే విమానాశ్రయానికి చేరిన మెట్రో సంగతి చూస్తే, ఒక్క రైలులో వెయ్యి మందికి పైగా ఎక్కుతారు. పార్కును బలిచ్చి సాధించేది నూట యాభై కార్లకు చోటు మాత్రమే.

పార్కింగ్ రుసుము విమానాశ్రయానికి ఆదాయం కూడా. 2016 జాతీయ పౌర విమానయాన విధానం ప్రకారం పార్కింగ్, దుకాణాల వంటి ఆదాయంలో 30 శాతాన్ని విమాన సంస్థలు, ప్రయాణికులు కట్టే విమానాశ్రయ రుసుముల భారం తగ్గించడానికి లెక్కలోకి తీసుకుంటారు, మిగతాది నిర్వాహకులకే. లాభం ప్రహరీ లోపల ఉన్నప్పుడు స్థలం కూడా అక్కడే చూసుకోవాలి. లోపల మరో అంతస్తు లేపడానికి ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చును పొద్దున్నే పార్కులో నడిచే పింఛనుదారు నెత్తిన ఎందుకు వేయాలి?

ఇంకో కోణం నీటిది. ఈ విమానాశ్రయం రెండో రన్‌వే అడయారు నది మీద వంతెనగా సాగుతుంది. 2015 డిసెంబరులో ఆ నది పొంగి విమానాశ్రయం రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మళ్లీ మూతపడింది. ఇలాంటి పరీవాహకంలో వాన నీటిని ఇంకించే నేలను తారుతో కప్పితే ఆ నీరు పల్లానికే, అంటే రన్‌వే వైపుకే చేరుతుంది. ‘పార్కింగ్ భూగర్భంలో, పైన పచ్చదనం’ అనే వాదనకూ ఇదే జవాబు. కాంక్రీటు పలక మీద పోసిన మట్టిలో గడ్డి పెరుగుతుంది, వేపచెట్టు వేళ్లు దిగవు, నీరు కిందికి పోదు.

చట్టం బలహీనంగా ఏమీ లేదు. బెంగళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇస్తే, ముద్దప్ప కేసులో 1991లో సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చింది. నర్సింగ్ హోముకే దక్కని స్థలం కార్లకు దక్కాలనడం ఎంత ధైర్యం! తమిళనాడుకు 1959 నుంచే పార్కులు, ఆటస్థలాల పరిరక్షణ చట్టం ఉంది. స్థానిక సంస్థ జాబితాలో చేర్చిన పార్కును ప్రభుత్వ అనుమతి లేకుండా మరో పనికి వాడకూడదు. చిక్కంతా ఆ ‘జాబితా’, ‘అనుమతి’ అన్న రెండు మాటల దగ్గరే. మీనంబాక్కం చెన్నై కార్పొరేషన్‌లో ఉంది, దాని పక్కనున్న పల్లావరం 2021లో ఏర్పడిన తాంబరం కార్పొరేషన్‌లో ఉంది, విమానాశ్రయం కేంద్రం చేతిలో ఉంది. ఇన్ని కార్యాలయాల మధ్య ఒక చిన్న పార్కు ఎవరి జాబితాలోనూ లేకుండా జారిపోవడం తేలిక.

మరొకటి, ‘తాత్కాలికం’. చెన్నై టీ నగర్‌లో పానగల్ రాజా రామరాయనింగారి పేరు మీద ఉన్న పార్కులో మెట్రో రెండో దశ పనుల కోసం ఏళ్లుగా తవ్వకాలు సాగాయి. మెట్రో అవసరమే, అందులో నాకు అభ్యంతరం లేదు. అయితే పార్కు తీసుకున్న రోజునే తిరిగిచ్చే తేదీ కూడా రాసివ్వాలి. మెట్రోకే ఈ షరతు కావాలనుకుంటే, పార్కింగ్‌కు తాత్కాలికంగా కూడా ఒప్పుకోకూడదు.

అర్ధరాత్రి విమానాలకు మెట్రో అందదన్నది న్యాయమైన మాట. పైగా ఆంధ్ర వైపు బస్సులకు 2018 నుంచి మాధవరం స్టాండు ఉంది, అది నగరానికి ఉత్తరపు అంచు. విమానాశ్రయం దక్షిణపు అంచు. పెద్ద పెట్టెలతో నగరం మొత్తం దాటడం కష్టమనే నెల్లూరు కుటుంబం కారు తీస్తుంది. ఆ రెండు అంచుల మధ్య రాత్రంతా, సామాను పెట్టుకునే చోటుతో బస్సులు నడపమని రెండు రాష్ట్రాల రవాణా సంస్థలనూ అడగాలి. మాధవరంలో దిగే ప్రయాణికుల్లో తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి ఆ అడగడం మన వైపు నుంచి మొదలైతే బాగుంటుంది.