దేవుడు క్షమించాడు సరే, ఊరియా ఇంటివాళ్ల సంగతేమిటి?

ఆ మెసేజ్ ఈ మధ్య ఆగకుండా వస్తోంది. ప్రార్థన గ్రూపుల్లో ఒకరు తీసేస్తే మరొకరు పెడుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: దేవుడు క్షమించాడంటే పాపపు ఫలితాలన్నీ పోయినట్టే. ఇంకా అనుభవిస్తున్నావంటే నీ మారుమనస్సు నిజం కాదు. విత్తినదే కోస్తావన్న మాట అవిశ్వాసులకే. సిలువ మీద దొంగే దీనికి సాక్ష్యం. క్షమాపణ పొందినవాడి గతాన్ని ఎత్తేవాళ్లు, అతని మీద ఫిర్యాదు చేసేవాళ్లు సాతాను పని చేస్తున్నారు. చివర్లో, పదిమందికి పంపితే ఆశీర్వాదం.

పదిమందికి పంపే సంగతికి జవాబు అక్కర్లేదు.

విత్తడం, కోయడం గురించిన మాట గలతీ పత్రిక ఆరో అధ్యాయంలో ఉంది. ఆ పత్రిక పౌలు ఎవరికి రాశాడో తెలియాలంటే మొదటి రెండు వచనాలు చదివితే చాలు. గలతీయలోని సంఘాలకు, అంటే విశ్వాసులకే రాశాడు. అయిపోయింది.

యేసు పక్కన సిలువ వేసిన దొంగ సంగతి. పరదైసులో ఉంటావని ప్రభువే మాట ఇచ్చాడు. అంతకు మించిన క్షమాపణ ఎవరికి దొరుకుతుంది? కానీ అతన్ని సిలువ మీద నుంచి దింపలేదు. సాయంత్రం సైనికులు వచ్చి కాళ్లు విరగ్గొట్టారు. పైగా అతనే తన పక్కవాడితో అన్నాడు, మనకు ఇది న్యాయమే అని. ఈ మెసేజ్‌కి సాక్షిగా నిలబెట్టడానికి అతనికన్నా పొరపాటు మనిషి దొరకడు.

ఫలితం మిగిలితే మారుమనస్సు అబద్ధం అన్నదానికి వస్తాను. దావీదు రాజు ఊరియా భార్యను తీసుకుని, ఊరియాను యుద్ధంలో చంపించాడు. తర్వాత పశ్చాత్తాపపడిన ఆయన కన్నీళ్లను ఎవరు అనుమానిస్తారు? యాభై ఒకటో కీర్తన రాసినవాడు ఆయన. నీవు చావవు, దేవుడు నీ పాపం తీసేశాడు అని నాతాను ప్రవక్త చెప్పాడు. ఆ వెంటనే, ఆమెకు పుట్టిన బిడ్డ చనిపోతాడనీ చెప్పాడు. కత్తి నీ ఇంటిని విడవదన్న మాట అప్పటికే చెప్పి ఉన్నాడు, దాన్ని వెనక్కి తీసుకోలేదు. (ఆ బిడ్డ గురించి చదివిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమంటుంది. దానికి సులువైన వివరణ నా దగ్గర లేదు.) సంఖ్యాకాండం 14లోనూ ఇంతే. కనానులోకి వెళ్లడానికి నిరాకరించిన ఇశ్రాయేలీయుల కోసం మోషే వేడుకుంటే దేవుడు క్షమించాను అన్నాడు, కానీ ఆ తరంలో ఇద్దరు తప్ప ఎవరూ కనానులో అడుగు పెట్టలేదు. నలభై ఏళ్లు అరణ్యంలో గడిచాయి. ఆ నలభై ఏళ్లూ దేవుడిచ్చే ఆహారం మన్నా ఆగలేదు, దారి చూపే మేఘస్తంభం వాళ్లను వదలలేదు. క్షమాపణ, ఫలితం రెండూ ఒకే గుడారంలో ఉన్నాయి.

ఇక చివరి మాట. మిగతావన్నీ తెలియక చేసిన పొరపాట్లు అనుకోవచ్చు, దీన్ని అనుకోలేను. ఈ మెసేజ్‌ని ఎక్కువగా వాడుతున్నది పాపం చేసినవాళ్ల నోరు విప్పించడానికి కాదు, దెబ్బ తిన్నవాళ్ల నోరు మూయించడానికి. భర్త కొట్టాడు, ఆదివారం అందరి ముందు ఏడ్చి ఒప్పుకున్నాడు, కాబట్టి ఆమె కేసు వెనక్కి తీసుకోవాలట. సంఘం డబ్బు తిన్నవాడు సాక్ష్యం చెప్పాడు, కాబట్టి లెక్క అడగకూడదట. పిల్లల మీద చెయ్యి వేసినవాడు ఉపవాసం ఉండి ప్రార్థించాడు, కాబట్టి మళ్లీ అదే సండే స్కూల్ అప్పగించాలట! ఎవరి తరఫున ఎవరు క్షమిస్తున్నారు? దావీదు నేరుగా ఊరియా ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లి, దేవుడు నన్ను క్షమించేశాడు, మీరెందుకు ఇంకా ఏడుస్తున్నారు, మీది అవిశ్వాసం అన్నాడని ఊహించుకోండి. మెసేజ్ చెబుతున్నది సరిగ్గా అదే.

నోరు మూయిస్తే ఏమవుతుందో కూడా బైబిల్లోనే ఉంది. దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును చెరిచాడు. ఊరుకో, అతను నీ అన్న కదా అని ఆమె సొంత అన్న అబ్షాలోము ఆమెతో అన్నాడు. దావీదుకు కోపం వచ్చింది, కానీ ఏమీ చేయలేదు. తామారు అబ్షాలోము ఇంట్లో దిక్కులేనిదై ఉండిపోయింది. రెండేళ్ల తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు. ఆమెకు న్యాయం చేయాల్సిన తండ్రి ఊరుకున్నందుకు ఆ ఇల్లు ఎంత మూల్యం చెల్లించిందో రెండో సమూయేలులో మిగతా అధ్యాయాలు చెబుతాయి.

నష్టపరిచినవాడు సొమ్మంతా తిరిగి ఇచ్చి, పైన ఐదో వంతు కలపాలని మోషే ధర్మశాస్త్రం చెప్పింది. అదీ తన పాపం ఒప్పుకున్న తర్వాతే. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు నీ సహోదరుడితో సమాధానపడు అని ప్రభువు చెప్పాడు. పౌలు రోమా అధిపతి ఫెస్తు ముందు విచారణలో నిలబడి, మరణానికి తగిన పని చేసి ఉంటే చావడానికి వెనుకాడను అన్నాడు. క్షమాపణ పొందాను కాబట్టి నన్ను విచారించకండి అనలేదు.

అయితే ఒక విషయంలో ఆ మెసేజ్ వైపే నిలబడతాను. ఎప్పుడో ఒప్పుకుని విడిచిపెట్టిన పాపాన్ని జ్వరం వచ్చినా, ఉద్యోగం పోయినా, గర్భం నిలవకపోయినా తవ్వి తీసి, ఇది దాని ఫలితమే అని చెప్పే ప్రసంగాలు ఉన్నాయి. అవి విని నలిగిపోయినవాళ్లే ఈ మెసేజ్‌ని గుండెకు హత్తుకుంటున్నారు. వాళ్ల బాధ నిజం. పుట్టుగుడ్డివాడిని చూసి, ఎవరి పాపం వల్ల అని శిష్యులు అడిగితే, ఇతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు యేసు. క్రీస్తులో ఉన్నవారికి శిక్షావిధి లేదన్న రోమా 8:1 అక్షరాలా నిజం. కొన్నిసార్లు దేవుడు ఫలితాన్ని కూడా తీసేస్తాడు: బబులోనుకు గొలుసులతో వెళ్లిన యూదా రాజు మనష్షే మొరపెడితే తిరిగి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. పాపానికీ కష్టానికీ సంబంధం తమకు తెలిసినట్టు మాట్లాడే ఆ ప్రసంగాలు ఆగనంతకాలం ఇలాంటి మెసేజ్‌లు పుడుతూనే ఉంటాయి. అందులో తప్పు ప్రసంగించేవాళ్లది కూడా.

గొలుసు తీసేసే అధికారం మాత్రం దేవుడిది. గొలుసులో ఉన్నవాడు దెబ్బ తిన్నవాళ్ల ముందుకు వచ్చి, తీసేయమని డిమాండ్ చేయడానికి ఏ వచనమూ లేదు. మీరు అతన్ని క్షమించి కూడా ఫిర్యాదు చేయవచ్చు, డబ్బు తిరిగి అడగవచ్చు, పిల్లలను అతని దగ్గర వదలకుండా ఉండవచ్చు. మీకు బాకీ ఉన్నవాడే ఈ మెసేజ్ పంపితే, లూకా 19లో ఎనిమిదో వచనం తిరిగి పంపండి. పన్నులు వసూలు చేసే జక్కయ్యను ఎవరూ అడగలేదు. తానే లేచి నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు.